191 ఓట్లు: గెలవరని తెలిసీ అమెరికా అధ్యక్ష పదవికి పార్టీ టికెట్ అడిగేవాళ్లు

కృష్ణలంక కుర్రాడు:
వచ్చే అమెరికా ఎన్నికల పేర్లు అప్పుడే యూట్యూబ్‌లో మొదలయ్యాయి. ఆ లిస్టులు చూస్తుంటే నా పాత డౌట్ మళ్లీ లేచింది. 2024 జనవరిలో అయోవా రిపబ్లికన్ కాకస్ (టికెట్ ఎవరికో చెప్పడానికి పార్టీవాళ్లు ఊరూరా మీటింగు పెట్టుకుని ఓటేసే పద్ధతి) ఫలితాలు తీయండి. ట్రంప్ 51 శాతం, డిశాంటిస్ 21, నిక్కీ హేలీ 19, వివేక్ రామస్వామి 7.7. ఇంతవరకు ఓకే. ఇంకా కిందికి వెళ్తే ఏసా హచిన్‌సన్ అని ఒకాయన ఉంటాడు. ఆర్కన్సాకి రెండు టర్ములు గవర్నర్‌గా చేసిన మనిషి. అయోవా రాష్ట్రం మొత్తం మీద ఆయనకు పడ్డ ఓట్లు 191. ర్యాన్ బింక్లీ అని టెక్సస్ పాస్టర్ కమ్ వ్యాపారి ఒకాయనకి కూడా అంతకన్నా ఎక్కువే వచ్చాయి, 774.

మా వార్డులో కార్పొరేటర్‌కి ఇండిపెండెంట్‌గా నిలబడి ఓడిపోయినాయనకి కూడా 191 కన్నా ఎక్కువ పడ్డాయండీ. అంత పెద్ద పదవులు చేసిన మనిషి ఆ గడ్డకట్టే చలిలో ఊరూరా తిరిగి ఇలా ఇంటికెళ్లడం ఏంటి? నిజంగా గెలుస్తామనుకునే దిగుతారా, వేరే లెక్క ఏమైనా ఉందా? అక్కడుండేవాళ్లు కాస్త చెప్పండి.

బ్రాడీపేట బాబాయ్:
లెక్కేముంది నాయనా. పేరు, పుస్తకం, టీవీ చానెల్లో ఒక కుర్చీ. టైమ్ చూసి తప్పుకుంటే గెలిచినవాడి దగ్గర ఏదో ఒక పదవి. మన దగ్గర నామినేషన్ వేసి విత్‌డ్రా అయ్యేవాళ్లు లేరా? సరుకు అదే, ప్యాకింగ్ వేరు.

డెమోయిన్ దామోదర్:
బాబాయ్ గారూ, సగం కరెక్ట్. నేనుండేది అయోవాలోనే కాబట్టి మిగతా సగం చెప్తాను.

హచిన్‌సన్ పదవి కోసం దిగిన మనిషి కాదు. 2023 ఆగస్టులో మిల్వాకీలో మొదటి డిబేట్, స్టేజీ మీద ఎనిమిది మంది. ట్రంప్ కోర్టులో దోషిగా తేలినా పార్టీ అభ్యర్థి ఆయనే అయితే మద్దతిస్తారా, ఇచ్చేవాళ్లు చేతులెత్తండి అన్నారు. క్రిస్ క్రిస్టీ వేలు ఊపుతూ ఏదో సర్దిచెప్పాడు. హచిన్‌సన్ మాత్రం చెయ్యి అసలు లేపలేదు. మిగతా ఆరుగురూ ఎత్తారు. ఆ ఒక్క మాట రికార్డులో ఉండాలనే ఆయన అన్ని నెలలు తిరిగాడని నా అభిప్రాయం. వినే మూడ్‌లో ఇక్కడి రిపబ్లికన్లు లేరు, అంతే.

ఇంకో రకం ఉంటారు, నిజంగా నమ్మి దిగేవాళ్లు. జాన్ డెలనీ అని మేరీలాండ్ కాంగ్రెస్ సభ్యుడు 2020 టికెట్ కోసం 2017 జూలైలోనే ప్రకటించేశాడు. ఎన్నికకి మూడేళ్ల ముందు! అయోవాలో 99 కౌంటీలుంటే 99కీ వెళ్లాడు. సొంత డబ్బు కోట్ల డాలర్లు పోశాడు. కాకస్ ఫిబ్రవరి 3న అయితే జనవరి 31న తప్పుకున్నాడు. పరీక్ష హాలు గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాడన్నమాట.

అప్పటికి నాకు సిటిజన్‌షిప్ రాలేదు, ఓటు లేదు. చూడ్డానికి రానిస్తారు కాబట్టి మా పక్క స్కూల్లో డెమోక్రాట్ల కాకస్‌కి వెళ్లి గోడ పక్కన నిలబడ్డాను. అప్పట్లో బాస్కెట్‌బాల్ కోర్టులో ఒక్కో అభ్యర్థి మనుషులు ఒక్కో చోట గుంపుగా నిలబడేవాళ్లు. అందరి చేతిలో ఒక కార్డు. ముందువైపు మొదటి ఎంపిక, వెనకవైపు రెండోది. హాల్లో ఉన్నవాళ్లలో 15 శాతం మంది లేకపోతే ఆ గుంపు లెక్కలోకి వచ్చేది కాదు, వాళ్లంతా వేరే గుంపులోకి పోయే వీలుండేది. ఆండ్రూ యాంగ్ అనే అభ్యర్థి గుంపులో ఎక్కువమంది కాలేజీ పిల్లలు, 'మ్యాథ్' అని రాసున్న నీలం టోపీలు. ఇద్దరో ముగ్గురో తక్కువయ్యారు. అంతే, చుట్టుపక్కల గుంపులవాళ్లంతా వచ్చి వాళ్లమీద పడ్డారు. ఎలిజబెత్ వారెన్ అనే ఇంకో అభ్యర్థి బ్యాడ్జి పెట్టుకున్న ఒక పెద్దావిడ అయితే, అందరికీ నెలకి వెయ్యి డాలర్లు ఇవ్వాలన్న మీవాడి ఐడియా నాకూ నచ్చింది, ఈ రాత్రికి మాత్రం మా వైపు వచ్చేయండి అని ఒకటే బతిమాలడం. ఒక కుర్రాడు చాలాసేపు కార్డు తిప్పి తిప్పి చూసి, చివరికి వెనకవైపు రాసి ఆవిడ వెనకాలే వెళ్లాడు. టోపీ మాత్రం తియ్యలేదు.

రాష్ట్రం మొత్తం మీద మొదటి లెక్కలో యాంగ్‌కి 5 శాతం ఉంది. రెండో లెక్కకి 1 శాతం. 'ఓట్లు రాలేదు' అని పేపర్లో చదివితే ఈ తతంగం కనపడదు.

కృష్ణలంక కుర్రాడు:
దామోదర్ గారూ, సూపర్. అయితే ఇలాంటివాళ్లలో నిజంగా గెలిచినవాళ్లు లేరా?

రిటైర్డ్ హిస్టరీ మాస్టారు:
ఉన్నారు. ఓడిపోయి కూడా గెలిచినవాళ్లకన్నా ఎక్కువ పని చేసినవాళ్లూ ఉన్నారు. కాస్త వెనక్కి వెళ్దాం.

1968. జాన్సన్ సిట్టింగ్ ప్రెసిడెంట్. వియత్నాం యుద్ధం మీద కోపంతో యూజీన్ మెకార్తీ అనే మిన్నెసోటా సెనేటర్ సొంత పార్టీ అధ్యక్షుడి మీదే దిగాడు. పిచ్చా అన్నారు జనం. కాలేజీ కుర్రాళ్లు గడ్డాలు గీయించుకుని, జుట్టు కత్తిరించుకుని న్యూ హాంప్‌షైర్‌లో ఇంటింటికీ తిరిగారు, పెద్దవాళ్లు తలుపు వేసేసుకోకూడదని. మార్చి 12న అక్కడి ప్రైమరీ (టికెట్ ఎవరికివ్వాలో ఓటర్లు చెప్పే రాష్ట్ర ఎన్నిక) ఫలితం వచ్చింది: జాన్సన్ 49, మెకార్తీ 42. అంటే మెకార్తీ ఓడిపోయాడు. అయినా మార్చి 31న టీవీలోకి వచ్చి నేను మళ్లీ పోటీ చేయడం లేదని చెప్పింది జాన్సన్.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ ఆగస్టులో షికాగో కన్వెన్షన్‌లో, అంటే టికెట్ ఖరారు చేసే పార్టీ మహాసభలో, టికెట్ ఎవరికిచ్చారు? ఒక్క ప్రైమరీలో కూడా దిగని హ్యూబర్ట్ హంఫ్రీకి. అంతకుముందు 1952లోనూ ఇదే జరిగింది. కీఫావర్ అనే సెనేటర్ 15 ప్రైమరీల్లో 12 గెలిచి, న్యూ హాంప్‌షైర్‌లో ఏకంగా అప్పటి అధ్యక్షుడు ట్రూమన్‌నే ఓడిస్తే, పార్టీ పెద్దలు స్టీవెన్సన్‌కి కట్టబెట్టారు. అప్పట్లో బీ ఫారం ఓటరు చేతిలో లేదు, పెద్దల జేబులో ఉండేది. షికాగోలో జరిగిన గొడవ తర్వాతే పార్టీ ఒక కమిషన్ వేసి రూల్స్ తిరగరాసింది. ఈ రోజు మనం చూసే ప్రైమరీల పద్ధతి అక్కణ్నుంచి వచ్చిందే. ఆ కమిషన్‌కి మొదట అధ్యక్షత వహించిన జార్జ్ మెక్‌గవర్న్, తన చేత్తో రాయించిన రూల్స్‌తోనే, ఎవరూ లెక్కచేయని స్థితి నుంచి 1972లో టికెట్ కొట్టాడు. నిక్సన్ చేతిలో 49 రాష్ట్రాలు ఓడిపోయాడనుకోండి, అది వేరే సంగతి.

ఆ తర్వాత కార్టర్. జార్జియా మాజీ గవర్నర్, వేరుశనగ రైతు, బయట రాష్ట్రాల్లో ఎవరికీ తెలీదు. 1976 అయోవాలో ఆయనకి సుమారు 28 శాతం వచ్చింది. మొదటి స్థానం ఆయనది కూడా కాదు, 'ఇంకా ఎవరినీ తేల్చుకోలేదు' అన్నవాళ్లది, 37 శాతం. పేపర్లు మాత్రం కార్టర్ గెలిచాడని రాశాయి. జార్జియా నుంచి జనం సొంత ఖర్చులతో న్యూ హాంప్‌షైర్ మంచులోకి వచ్చి తలుపులు తట్టారు. పీనట్ బ్రిగేడ్ అని పేరు పడింది వాళ్లకి. ఏడాది తిరిగేసరికి ఆయన వైట్‌హౌస్‌లో ఉన్నాడు. ఆ తర్వాత దిగిన ప్రతి అనామకుడూ కార్టర్ పేరే జపిస్తాడు.

దానికి రెండో వైపు హెరాల్డ్ స్టాసెన్. 31 ఏళ్లకే మిన్నెసోటా గవర్నర్‌గా నెగ్గినవాడు, ఐక్యరాజ్యసమితి చార్టర్ మీద సంతకం పెట్టినవాడు. 1948లో నిజంగానే రేసులో ఉన్నాడు, విస్కాన్సిన్, నెబ్రాస్కా గెలిచాడు. ఒరెగాన్‌లో ప్రత్యర్థి డ్యూయీతో రేడియో డిబేట్ పెట్టుకుని ఆ రాష్ట్రం పోగొట్టుకున్నాడు. అక్కడ ఆగి ఉంటే గౌరవంగా ఉండేది. 1992 దాకా నిలబడుతూనే ఉన్నాడు, చివరికి కార్టూనిస్టులకి మేత అయిపోయాడు.

నల్గొండ నర్సన్న:
మాస్టారూ మంచిగ చెప్పిన్రు. గెలవకున్నా నిలబడుడు మాకు కొత్త కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్ల మా నల్గొండల 480 మంది పోటీ చేసిన్రు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోతున్నయ్, మా గోస ఢిల్లీకి తెల్వాలని. బ్యాలెట్ పేపర్ కాదది, పుస్తకం. 2019ల నిజామాబాద్‌ల పసుపు రైతులు 178 మంది నామినేషన్లు ఏసి నిలబడ్డరు.

అయితే ఒకటి చూడున్రి. 1996ల డిపాజిట్ 500 రూపాయలు ఉండె. గా ఎన్నిక అయినంక 10,000 చేసిన్రు. ఇప్పుడు 25,000.

లక్ష్మి, ఎడిసన్:
నర్సన్న గారూ, ఒక తేడా ఉంది. అక్కడ వాళ్లు నిలబడింది అసలు ఎన్నికలో. ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నది పార్టీ లోపల టికెట్ గురించి. మన పార్టీల్లో టికెట్ కోసం బహిరంగంగా హైకమాండ్ మీద పోటీకి దిగితే మర్నాడు సస్పెన్షన్ లెటర్ వస్తుంది. కానీ మీరు డిపాజిట్ గురించి చెప్పింది చాలా ముఖ్యం. ఇలాంటివాళ్లు దిగిన ప్రతిసారీ రూల్స్ మారతాయి. నేనైతే ఓట్ల లెక్క కన్నా అదే ఎక్కువ చూస్తాను.

షర్లీ చిజమ్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? బ్రూక్లిన్ నుంచి 1968లో గెలిచి, కాంగ్రెస్‌లో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి మహిళ. 1972లో డెమోక్రాటిక్ టికెట్ అడిగింది. డబ్బు లేదు, పార్టీ పెద్దలు లేరు, చాలామంది నల్లజాతి మగ నాయకులు కూడా ఆవిడ వెనక నిలబడలేదు. మయామీ బీచ్ కన్వెన్షన్‌లో 152 ఓట్లు వచ్చాయి. ఆ ప్రచారం మధ్యలోనే జార్జ్ వాలెస్ మీద కాల్పులు జరిగాయి. జాతుల వేరువేరు పద్ధతి ఉండాల్సిందేనని గొంతు చించుకున్న అలబామా గవర్నర్, అదే టికెట్‌కి ఆవిడ ప్రత్యర్థి. ఈవిడ హాస్పిటల్‌కి వెళ్లి పలకరించింది! సొంత ఓటర్లే తిట్టిపోశారు. తర్వాత ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకి కనీస వేతనం బిల్లు వచ్చినప్పుడు దక్షిణాది సభ్యుల ఓట్లు వాలెస్ ఇప్పించాడని ఆవిడే చెప్పుకుంది.

ఇక జెస్సీ జాక్సన్. 1984లో ఓట్లు బాగానే వచ్చాయి, ఆ శాతానికి తగ్గ డెలిగేట్లు (కన్వెన్షన్‌లో టికెట్‌కి ఓటేసే ప్రతినిధులు) మాత్రం దక్కలేదు. 1988లో మిషిగన్ గెలిచి, రెండో స్థానంలో నిలిచి, అట్లాంటా కన్వెన్షన్‌కి సుమారు 1,200 డెలిగేట్లతో వచ్చాడు. టికెట్ డుకాకిస్‌కి పోయింది. జాక్సన్ మనుషులు మాత్రం ఒక పని సాధించుకున్నారు: గెలిచినవాడికే మొత్తం డెలిగేట్లు అనే పద్ధతి పోయి, వచ్చిన ఓట్లని బట్టి పంచాలి. సరిగ్గా 20 ఏళ్ల తర్వాత నెవాడాలో హిల్లరీకి ఎక్కువ మద్దతు వచ్చినా డెలిగేట్లు ఒబామాకి 13, ఆవిడకి 12. పాత పద్ధతే ఉంటే పెద్ద రాష్ట్రాలు గెలిచిన హిల్లరీ ఒబామాని ఫిబ్రవరిలోనే దాటేసి వెళ్లిపోయేది.

కూకట్‌పల్లి కోడర్:
మరి రిపబ్లికన్లలో రూల్స్ ఎలా మారాయో చూడండి, అది రివర్స్. 2012లో రాన్ పాల్ అయోవాలో మూడో స్థానం, 21 శాతం. కానీ వాళ్ల వాళ్లు కాకస్ రాత్రి అందరూ ఇళ్లకి పోయాక కూడా కూర్చుని, కౌంటీ మీటింగులు, జిల్లా మీటింగులు అన్నింటికీ ఓపిగ్గా వెళ్లి డెలిగేట్ సీట్లు పట్టేశారు. టాంపా కన్వెన్షన్‌లో అయోవా 28 ఓట్లలో 22 రాన్ పాల్‌కే! పార్టీకి టెన్షన్ పుట్టి, ఓటర్లు ఎలా వేస్తే డెలిగేట్లు అలాగే వేయాలని రూల్ బిగించేశారు. డిపాజిట్ పెంచినట్టే.

నాకిష్టమైన ఎపిసోడ్ మాత్రం డగ్ బర్గమ్. 2023లో మొదటి డిబేట్ స్టేజీ ఎక్కాలంటే 40,000 మంది దాతలుండాలి. నార్త్ డకోటా గవర్నర్ని ఎవరు పట్టించుకుంటారు? సాఫ్ట్‌వేర్ కంపెనీ మైక్రోసాఫ్ట్‌కి అమ్మిన మనిషి కదా, కోడర్‌లా ఆలోచించాడు. నాకు 1 డాలర్ ఇవ్వండి, మీకు 20 డాలర్ల గిఫ్ట్ కార్డు ఇస్తా, 50,000 మందికి. అంటే 10 లక్షల డాలర్లు పెట్టి స్టేజీ మీద చోటు కొనుక్కున్నాడు. మయామీ మేయర్ సువారెజ్ అయితే మెస్సీ మొదటి మ్యాచ్ టికెట్ లాటరీ పెట్టాడు, ఆయనకి స్టేజీ దక్కలేదు. బర్గమ్ డిసెంబర్‌లో తప్పుకున్నాడు, ఇప్పుడు ట్రంప్ క్యాబినెట్‌లో ఇంటీరియర్ సెక్రటరీ.

బ్రాడీపేట బాబాయ్:
నేను చెప్పిందేగా. ఏదో ఒక పదవి.

కృష్ణలంక కుర్రాడు:
😀 బాబాయ్ రాక్స్. అవునూ, వివేక్ రామస్వామి మనవాడేనా? మా గ్రూపుల్లో అప్పట్లో తెగ ఫార్వర్డులు వచ్చాయి.

లక్ష్మి, ఎడిసన్:
కాదు. వాళ్లది పాలక్కాడ్ తమిళ కుటుంబం, ఆయన పుట్టింది సిన్సినాటిలో. తెలుగు మూలాలున్నది ఉషా వాన్స్‌కి. ఆవిడ ఏ టికెట్టూ అడగలేదు. వివేక్ కూడా అయోవాలో 99 కౌంటీలూ రెండేసి సార్లు తిరిగాడు, నాలుగో స్థానం, ఆ రాత్రే తప్పుకుని ట్రంప్‌కి జై కొట్టాడు. తర్వాత ఒహాయో గవర్నర్ పదవికి దిగాడు. 2019లో కమలా హారిస్ అయితే అయోవా దాకా కూడా రాలేదు, డిసెంబర్‌లోనే మానేసింది. తర్వాతి ఏడాది వైస్ ప్రెసిడెంట్ టికెట్. కాబట్టి బాబాయ్ గారి థియరీని పూర్తిగా కొట్టిపారేయలేం, ఒప్పుకోవాలంటే నాకు కాస్త ఒళ్లుమంటగా ఉన్నా.

ఓరుగల్లు వినోద్:
అందరూ సీరియస్ అయిపోయారు. అసలైన హీరోల్ని నేను చెప్తా.

2012, వెస్ట్ వర్జీనియా డెమోక్రాటిక్ ప్రైమరీ. ఒబామాకి పోటీగా కీత్ జడ్. ఆయన అడ్రస్ టెక్సర్కానా ఫెడరల్ జైలు. లోపల కూర్చునే 2,500 డాలర్ల ఫీజు కట్టి ఫారం పంపాడు. వచ్చిన ఓట్లు 41 శాతం! బొగ్గు గనుల రాష్ట్రం, ఒబామా మీద పీకల దాకా కోపం, ఎదురుగా ఇంకో పేరుంటే చాలన్నట్టు గుద్దేశారు. ఆయన జైల్లో ఉన్నాడని చాలామందికి తెలీదు కూడా.

2024, అమెరికన్ సమోవా. బాల్టిమోర్ ఇన్వెస్టర్ జేసన్ పామర్ ఆ దీవులకి ఒక్కసారి కూడా వెళ్లకుండా జూమ్‌లో ప్రచారం చేశాడు. మొత్తం 91 ఓట్లు పడితే ఆయనకి 51, బైడెన్‌కి 40. సిట్టింగ్ ప్రెసిడెంట్ ఒక ప్రైమరీ పోటీలో ఓడిపోవడం 1980లో కార్టర్‌ని టెడ్ కెనడీ ఓడించిన తర్వాత అదే మొదటిసారి. అదే దీవులు 2020లో బ్లూమ్‌బర్గ్‌కి దక్కాయి. ఆయన వంద కోట్ల డాలర్లకి పైగా ఖర్చుపెట్టి గెలిచింది ఆ ఒక్కటే.

న్యూ హాంప్‌షైర్‌లో 1,000 డాలర్లు కడితే ఎవరి పేరైనా బ్యాలెట్ మీద పెడతారు, సంతకాలూ గట్రా అక్కర్లేదు. అందుకే నెత్తిమీద బూటు పెట్టుకుని తిరిగే వర్మిన్ సుప్రీమ్ అక్కడ రెగ్యులర్. అందరికీ తలా ఒక పోనీ గుర్రం, పళ్లు తోముకోవడం చట్టప్రకారం తప్పనిసరి. మేనిఫెస్టో క్లియర్‌గా ఉంది కదా.

డల్లాస్ ప్రసాద్:
నవ్వుకోవడానికి బాగానే ఉంది. నష్టం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. 2016లో రిపబ్లికన్ టికెట్‌కి 17 మంది. మా టెక్సస్ సెనేటర్ క్రూజ్, రుబియో, జెబ్ బుష్, కేసిక్, కార్సన్, ఎవరికి వాళ్లు పక్కవాడు తప్పుకుంటే నాదే అనుకుంటూ కూర్చున్నారు. సౌత్ కరొలైనాలో ట్రంప్‌కి 32.5 శాతం వచ్చింది. అంటే మూడింట రెండొంతులు వేరేవాళ్లకి వేశారు. డెలిగేట్లు? 50కి 50 ట్రంప్‌కి. గెలవనివాడు దిగడం తప్పు కాదు, తప్పుకోవాల్సిన టైమ్‌కి తప్పుకోకపోవడం తప్పు.

2020లో డెమోక్రాట్లు ఆ పాఠం చూసుకున్నారు. అయోవాలో నాలుగో స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానం వచ్చిన బైడెన్ పని అయిపోయిందనుకున్నారు అందరూ. సౌత్ కరొలైనా గెలవగానే, సూపర్ ట్యూస్‌డేకి (చాలా రాష్ట్రాల్లో ఒకేసారి ప్రైమరీలు జరిగే మంగళవారం) రెండ్రోజుల ముందు బుటిజెజ్, మర్నాడు క్లోబుచర్ తప్పుకుని ఆయన వెనక నిలబడ్డారు. ఒక చిన్న ఊరి మేయర్ అయోవాలో అందరికన్నా ఎక్కువ డెలిగేట్లు తెచ్చుకుని, నెల తిరక్కుండా తప్పుకోవడం చిన్న విషయం కాదు.

రిటైర్డ్ హిస్టరీ మాస్టారు:
ప్రసాద్ గారూ, మీ లెక్క ప్రకారం మెకార్తీ కూడా పార్టీ మాట విని ఆగిపోయి ఉండాలి. తప్పుకునే టైమ్ ఎవరు చెప్పాలి? 1976 జనవరిలో కార్టర్‌ని కూడా తప్పుకోమన్నవాళ్లుంటారు. 2016లో దోషం 17 మందిది కాదు, 32 శాతానికి 50 సీట్లు ఇచ్చిన ఆ రాష్ట్ర రూల్‌ది. లక్ష్మి గారు చెప్పిన జాక్సన్ పద్ధతి అక్కడ ఉంటే ట్రంప్‌కి ఆ రోజు 50 వచ్చేవి కావు.

డల్లాస్ ప్రసాద్:
మాస్టారూ, పంచుకునే పద్ధతి ఉంటే టికెట్ కన్వెన్షన్ దాకా తేలేది కాదు. అప్పుడు మీరే అంటారు, బీ ఫారం మళ్లీ పెద్దల జేబులోకి పోయిందని. ఇద్దరికీ నచ్చే రూల్ లేదులెండి.

మోడరేటర్:
చర్చ బాగుంది. ఇక్కడి పార్టీల టికెట్ల మీద వచ్చిన కొన్ని పోస్టులు తీసేశాను. వాటికి వేరే థ్రెడ్ ఉంది.

అట్లాంటా అనిల్:
లేటుగా వచ్చాను. బర్గమ్ గిఫ్ట్ కార్డు లాంటిది ఈసారి మళ్లీ ఎవరైనా పెడితే? నేను హెచ్1బీ మీద ఉన్నాను. 1 డాలర్ ఇచ్చి 20 తీసుకుంటే ఏమైనా ఇబ్బందా? సీరియస్‌గానే అడుగుతున్నా.

లక్ష్మి, ఎడిసన్:
బాబూ, ఆ పని మాత్రం చేయకు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు, వీసా మీద ఉన్నవాళ్లు ఏ ఎన్నికకీ ఒక్క డాలర్ కూడా ఇవ్వకూడదు. చట్టరీత్యా నేరం. చిన్న మొత్తం కదా అని వదిలేయరు. గ్రీన్ కార్డు ఇంటర్వ్యూ ముందు ఇలాంటివి నెత్తిన పెట్టుకోవద్దు.

డెమోయిన్ దామోదర్:
డబ్బు తీసుకోకుండా వలంటీర్‌గా పని చేయడానికి మాత్రం వీసావాళ్లకీ అడ్డు లేదు. అంత సరదాగా ఉంటే జనవరిలో మా ఊరు రా అనిల్. కాకపోతే మంచి బూట్లు కొనుక్కుని రా, అట్లాంటా జాకెట్ ఇక్కడ పనికిరాదు.

అట్లాంటా అనిల్:
థాంక్స్ లక్ష్మి గారూ. దామోదర్ అన్నా, ఎవరి తరఫున తిరగాలి మరి?

డెమోయిన్ దామోదర్:
ఎక్కువ జనం లేనివాళ్ల తరఫున తిరుగు. పెద్ద క్యాంపెయిన్లలో అయితే స్టిక్కర్లు అంటించమంటారు. చిన్నవాళ్ల దగ్గరైతే మొదటి రోజే క్యాండిడేట్‌ని కార్లో ఎక్కించుకుని తిప్పమంటారు.